బొండం నీళ్ళు తియ్యగా ఉండాలంటే ఏ కొబ్బరి వెయ్యాలి?

ప్రశ్న: మాది దమ్మపేట మండలంలో ఒక పల్లె. బోరు కింద ఎకరంన్నర ఖాళీగా ఉంది. ఇంటి వెనక మా అత్తగారు పాతిన రెండు నాటు కొబ్బరి చెట్లున్నాయి. కాపుకేం లోటు లేదు గానీ నీళ్ళు ఎప్పుడూ చప్పనే. పక్కింటివాళ్ళ చెట్టు బొండాలు మాత్రం ఎంత తీపో! ఆ ఎకరంన్నరలో బొండాల కోసమే కొబ్బరి వేద్దామని నా ఆలోచన. మావారు దేశవాళీ వేస్తే చాలంటారు. మా అబ్బాయి ఫోన్‌లో చూసి థాయ్‌లాండ్ మొక్కలు తెప్పిద్దామంటాడు. మొక్కల బండివాడొకడు 'గంగాబొండం అంటు మొక్క' అంటూ ఒక్కోటి ఆరొందలు చెబుతున్నాడు. ఏ రకం వేస్తే నీళ్ళు నిజంగా తియ్యగా ఉంటాయి? పక్కింటి చెట్టు కాయే పాతుకుంటే పోదా? మొదట్లో బెల్లం నీళ్ళు పోస్తే, ఉప్పు వేస్తే తీపి వస్తుందంటారు, నిజమేనా? మా మామగారికి షుగర్ ఉంది, ఆయన తాగొచ్చా?
— ఒక పాఠకురాలు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా

జవాబు:

అమ్మా, మీరు అడిగినవన్నీ చెబుతాను గానీ ముందు మీరు అడగని సంగతి ఒకటి తేల్చుకోవాలి. ఇంటి వెనక చెట్ల బొండాలు కాయకి ఎన్ని నెలలు నిండాక కోస్తున్నారు? చాలా ఇళ్ళలో దింపు మనిషి వచ్చిన రోజునే బొండాలు కూడా దిగుతాయి. అతను ముదురు గెలలు కోసి, పనిలో పనిగా వాటి పై గెల కూడా నరికి "ఇవి తాగడానికమ్మా" అని కింద పడేస్తాడు. అలా దిగేవి చాలావరకు తొమ్మిది, పది నెలల కాయలు. వాటి నీళ్ళు చప్పగా ఉంటే చెట్టుని తిట్టి లాభం లేదు.

కాయ లోపల జరిగేది ఇది. పిందె కట్టాక మొదటి నాలుగైదు నెలలు కాయ సైజు పెరుగుతుంది, లోపల నీళ్ళు చేరతాయి. అప్పుడు కోస్తే నీళ్ళు కొంచెం వగరుగా ఉంటాయి, లోపల గీకడానికి ఏమీ ఉండదు. ఆరో నెలకి అటూ ఇటూగా చిప్ప లోపలి గోడకి లేత మీగడ పట్టడం మొదలవుతుంది. ఆరు నిండి ఏడు నడుస్తున్నప్పుడు కాయ నిండా నీళ్ళుంటాయి, తీపి కూడా అప్పుడే ఎక్కువ. ఆ దశలో ఉండే చక్కెరలో పెద్ద వాటా గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లది. ఫ్రక్టోజ్ మనం వాడే పంచదార కంటే నాలుకకి ఎక్కువ తియ్యగా తగులుతుంది. ఆ తరవాత కొబ్బరి గట్టిపడే కొద్దీ నీళ్ళలోని చక్కెర తగ్గుతూ పోతుంది, నీళ్ళు కూడా తగ్గుతాయి. మంచి బొండంలో 100 మిల్లీలీటర్లకి 5 నుంచి 7 గ్రాముల దాకా ఉండే చక్కెర, పూర్తిగా ముదిరిన కాయలో 2 గ్రాముల దగ్గరికి దిగిపోతుంది. దేవుడికి కొట్టిన కాయ నీళ్ళకీ బొండం నీళ్ళకీ తేడా మీకు తెలిసిందే. మీ ఇంటి బొండాలు ఆ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉన్నాయని నా అనుమానం.

ఏడో నెల కాయని చెట్టు మీద గుర్తుపట్టడం కష్టం కాదు. సాకుడు బాగుంటే కొబ్బరి దాదాపు నెలకొక గెల వేస్తుంది. అంటే తలలో ఉన్న గెలలన్నీ ఒకదాని కంటే ఒకటి నెల చొప్పున పెద్దవి. పిందెలు నిలబడిన కొత్త గెలని ఒకటిగా పెట్టుకుని కిందికి లెక్కపెట్టుకుంటూ రండి. ఏడో గెల మీకు కావలసింది. ఎండాకాలంలో నీళ్ళు చాలక గెలల మధ్య ఎడం పెరిగితే ఈ లెక్క కొంచెం తప్పుతుంది. అందుకని ముందు ఆ గెల నుంచి ఒక్క కాయ మాత్రం దింపించి కొట్టి చూడండి. మీగడ చెంచాతో గీకితే పల్చగా ఊడివచ్చేలా ఉంటే సరిగ్గా పడినట్టే. అసలు మీగడే లేకపోతే ఇంకో రెండు మూడు వారాలు ఆగాలి. కత్తితో తియ్యాల్సినంత గట్టిపడితే ఇక దాన్ని కొబ్బరికాయకే వదిలెయ్యండి. కొట్టకుండా తెలుసుకోవాలంటే దింపిన కాయని చెవి దగ్గర పెట్టి ఊపండి. సరైన బొండం నీళ్ళతో నిండుగా ఉండి చప్పుడు చెయ్యదు. గలగలమంటే లోపల ఖాళీ ఏర్పడింది, ముదిరిపోయింది. తొడిమ టోపీ కింద కాయ చుట్టూ కనిపించే తెల్లటి పట్టీ కూడా ముదిరే కొద్దీ సన్నబడి మాయమైపోతుంది. బండి మీద బొండం కొనేటప్పుడు కూడా ఇది పనికొస్తుంది.

కొత్త మొక్కలకి డబ్బు తీసేలోపు ఈ ఒక్క పరీక్ష మీ రెండు చెట్ల మీదా చెయ్యండి. రెండు మూడు గెలలు సరైన నెలలో కోసి తాగి చూశాక కూడా చప్పగానే ఉంటే అప్పుడు రకం గురించి మాట్లాడుకోవచ్చు. ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, గంగాబొండం వేసి దాన్ని కూడా తొమ్మిదో నెలలో కోసి 'మొక్కలవాడు మోసం చేశాడు' అనేవాళ్ళకి కొదవ లేదు.

ఇక పక్కింటి చెట్టు సంగతి. దేశవాళీ అని మనం పిలిచే పొడవు రకాల్లో ఒక పూగుత్తిలో మగపూలు ముందు విచ్చుకుని రాలిపోతాయి. ఆడపూలు సిద్ధమయ్యేసరికి అదే గుత్తిలో పుప్పొడి మిగలదు. కాబట్టి వేరే చెట్టు పుప్పొడి గాలికో తేనెటీగతోనో వచ్చి వాలాలి. దీనివల్ల ఏ రెండు నాటు చెట్లూ ఒకేలా ఉండవు. ఒకటి గుండ్రటి కాయలు కాస్తుంది, ఇంకొకటి కోల కాయలు కాస్తుంది. ఒక దాని నీళ్ళు తియ్యగా, పక్కదాని నీళ్ళు మామూలుగా ఉంటాయి. పక్కింటివాళ్ళది మంచి చెట్టు కావచ్చు, దాన్ని తీసిపారెయ్యను. కానీ దాని కాయ పాతితే వచ్చే మొక్కకి తల్లి ఎవరో తెలుసు, తండ్రి ఎవరో తెలియదు. ఆరేడేళ్ళు పెంచాక నీళ్ళు ఎలా ఉంటాయో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. పెరట్లో సరదాగా ఒకటి రెండు పాతుకోండి, ఎకరంన్నరని మాత్రం దాని మీద పెట్టకండి.

పొట్టి రకాల దారి వేరు. వాటి పూగుత్తిలో మగపూలూ ఆడపూలూ ఒకే సమయంలో సిద్ధంగా ఉంటాయి కాబట్టి చాలావరకు తమ పుప్పొడితోనే కాయ కడతాయి. అందుకే పొట్టి రకం కాయ నుంచి వచ్చిన మొక్క చాలావరకు తల్లిలాగే ఉంటుంది. బొండాల తోటకి పొట్టి రకాలు ఎంచుకోవడానికి ఇది ఒక కారణం. మూడు నాలుగేళ్ళకే కాపు మొదలవ్వడం రెండోది. నేల మీద నిలబడి దోటితో గెల కోసుకోగలగడం మూడోది. దింపు మనుషులు దొరక్క రైతులు పడుతున్న టెన్షన్ చూస్తే ఈ మూడోదే అన్నిటికంటే పెద్దదనిపిస్తుంది.

అంటు మొక్క అన్న మాట వినగానే ఆ బండిని పంపించెయ్యాల్సింది. మామిడికి, జామకి బెరడు కింద పచ్చి పొర ఉంటుంది, అది ఇంకో కొమ్మ పొరతో అతుక్కుంటుంది. తాటి, ఈత, కొబ్బరి కాండాల్లో అలాంటి పొర లేదు. తలలో ఒకే ఒక్క మొవ్వు ఉంటుంది, అది పోతే చెట్టే పోతుంది. కాబట్టి కొబ్బరికి అంటు కట్టడం కుదరదు. టిష్యూకల్చర్ మీద పరిశోధనలు నడుస్తున్నాయి గానీ రైతుకి మామూలుగా దొరికే మొక్క కాయ మొలకెత్తించినదే. అంటు అని చెప్పి అమ్మేవాడికి మొక్క గురించి తెలియకపోవాలి, లేదా తెలిసి కూడా చెబుతూ ఉండాలి. రెండు రకాలుగానూ అతని దగ్గర కొనకూడదు.

అయితే అతను చెప్పిన పేరు మాత్రం మంచిదే. గంగాబొండం మన గోదావరి జిల్లాల రకం. పొట్టి చెట్టు, ఆకుపచ్చ కాయ, బొప్పాయిలా కోలగా ఉంటుంది. పేరులోనే బొండం ఉన్న ఈ రకాన్ని కోనసీమలో పెరట్లో ఒకటి రెండు చెట్లయినా పెంచుకోవడం పాత అలవాటు. అంబాజీపేటలో వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం వారి పరిశోధన స్థానం ఉంది. అక్కడ గంగాబొండం నుంచే ఎంపిక చేసి బొండాల కోసం 'గౌతమి గంగ' అనే రకాన్ని ఇచ్చారు. తూర్పు కోస్తా పొడవు రకానికి గంగాబొండంతో సంకరం చేసి 'గోదావరి గంగ' తయారుచేసింది కూడా వాళ్ళే. ఇది నాలుగైదేళ్ళకి కాపుకొస్తుంది. మంచి సాకుడులో చెట్టుకి ఏడాదికి 140 కాయల దాకా ఇస్తుందని వాళ్ళ లెక్క.

కేరళ నుంచి చౌఘాట్ ఆరెంజ్ అనే పొట్టి రకం ఉంది. త్రిశూర్ జిల్లా చావక్కాడ్ దాని స్వస్థలం. కాసరగోడ్‌లోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ దీన్ని 1991లో ప్రత్యేకంగా బొండాల రకంగా విడుదల చేసింది. ఒక్కో కాయలో దాదాపు 350 మిల్లీలీటర్ల నీళ్ళు, 100 మిల్లీలీటర్లకి 7 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. తీపి ఒక్కటే చూస్తే నా ఓటు దీనికే. కానీ దీనికి ఎండ దెబ్బ తొందరగా తగులుతుంది. ఒక ఏడాది బాగా కాసి, మరుసటి ఏడాది వెనక్కి తగ్గుతుంది. కాయ నారింజ రంగులో ఉంటుంది కాబట్టి పచ్చ బొండానికి అలవాటుపడ్డ మన రోడ్ల మీద మొదట్లో కొనేవాడికి నచ్చజెప్పుకోవాలి. రుచి చూశాక మళ్ళీ దాన్నే అడుగుతారు, అది వేరే విషయం. అదే సంస్థ మలయన్ పొట్టి రకాల నుంచి ఎంపిక చేసిన కల్పజ్యోతి (పసుపు కాయ), కల్పసూర్య (నారింజ కాయ) కూడా బొండాలకి మంచివే. మన వైపు వాటి అసలు మొక్కలు దొరకడం కొంచెం కష్టం.

మీ అబ్బాయి చూసిన థాయ్ కొబ్బరి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు ఫోన్‌లో ఎక్కువగా అమ్ముతున్నది దీన్నే. అది నిజంగా ఉన్న రకమే. పేరు నామ్ హోమ్. బ్యాంకాక్‌కి పడమటి పక్క సముత్ సఖోన్, రాచబురి ప్రాంతాల్లో కాలవల మధ్య ఎత్తు మడులు కట్టి పెంచుతారు. దాని గొప్ప తీపి కంటే వాసనలో ఉంది. బాస్మతి బియ్యానికి ఆ వాసన ఇచ్చే పదార్థమే ఈ కొబ్బరి నీళ్ళలోనూ ఉంటుంది. ఇబ్బంది ఎక్కడంటే, ఆ వాసన కాయలో కనిపించాలంటే తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ కూడా ఆ గుణం రావాలి. చుట్టూ మామూలు కొబ్బరి ఉన్న చోట వాటి పుప్పొడి పడిన కాయలో వాసన రాదు. అంటే మీ ఊళ్ళో నాటు చెట్ల మధ్య నాలుగు థాయ్ మొక్కలు పెడితే, మొక్క అసలుదే అయినా కొన్ని కాయలు వాసనతో, కొన్ని లేకుండా వస్తాయి. పైగా మొక్క అసలుదేనా అన్నది పెద్ద అనుమానం. విదేశాల నుంచి కొబ్బరి విత్తనం, మొక్క తేవాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి, తనిఖీ ఉండాలి. కొబ్బరికి వచ్చే కొన్ని ప్రాణాంతకమైన తెగుళ్ళు మన దేశంలో లేవు, అవి రాకుండా చూడడానికే ఆ నిబంధన. ఫోన్‌లో అమ్మేవాణ్ణి ఒక్కటే అడగమనండి: తల్లి చెట్టు ఎక్కడుంది, వచ్చి చూడొచ్చా? జవాబు దాటేస్తే మీ అబ్బాయికే అర్థమవుతుంది.

మీవారి మాటలో కూడా న్యాయం ఉంది, దాన్ని కొట్టిపారెయ్యకండి. బొండం ఎండాకాలంలో చేతికందినంత అమ్ముడుపోతుంది. వానాకాలంలో, చలికాలంలో బేరం పడిపోతుంది. చెట్టు మాత్రం పన్నెండు నెలలూ గెలలు వేస్తూనే ఉంటుంది. పొట్టి రకంలో అమ్ముడుపోని కాయ ముదిరితే దానికి గిరాకీ తక్కువ. లోపలి కొబ్బరి పల్చగా ఉంటుంది, ఎండబెట్టినా తోలులా సాగుతుంది, నాణ్యమైన ఎండు కొబ్బరి కాదు. దేశవాళీ కాయ అయితే ముదిరినా కాయగా అమ్ముకోవచ్చు, కురిడీ చేసుకోవచ్చు. మీవారి ధైర్యం అదే. కాకపోతే అది కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది, ఎక్కడానికి మనిషి కావాలి, నీళ్ళ రుచి చెట్టుకో తీరు.

అందుకని నేను చెప్పేది, తోటలో పెద్ద భాగం గోదావరి గంగ వెయ్యండి. దాని బొండం నీళ్ళు తియ్యగానే ఉంటాయి, బేరం లేని నెలల్లో కాయని ముదరనిచ్చినా పనికొస్తుంది. 8 మీటర్ల ఎడంతో ఎకరానికి 60 పైచిలుకు పడతాయి, ఎకరంన్నరకి దాదాపు 95. అందులో 60-65 గోదావరి గంగ, మిగతా 30 గంగాబొండం గానీ గౌతమి గంగ గానీ. ఆ ముప్ఫైని బోరుకి దగ్గరగా, మీ కన్ను పడే చోట పెట్టుకోండి. చౌఘాట్ ఆరెంజ్ నాలుగు మొక్కలు ఇంటి దగ్గర వేసుకోండి, అమ్మకానికి కాదు, మీరు తాగడానికి. ఒక్క జాగ్రత్త: గోదావరి గంగ సంకర రకం. దాని కాయ మొలకెత్తించి మళ్ళీ మొక్కలు చేసుకుందామనుకోకండి. రెండో తరంలో ఒక్కో మొక్క ఒక్కో తీరుగా విడిపోతుంది.

మొక్కలు ఎక్కడ తేవాలి? అంబాజీపేట పరిశోధన స్థానంలో అడగండి. కొబ్బరి అభివృద్ధి బోర్డుకి ఏలూరు దగ్గర వేగివాడలో విత్తనోత్పత్తి క్షేత్రం ఉంది, అది మీకు ఇంకా దగ్గర. ఇలాంటి చోట్ల మొక్క అడగ్గానే దొరకదు, ముందే పేరు రాయించుకోవాలి. ఒక ఏడాది ఆలస్యమైనా ఫర్వాలేదు. ఈలోగా గుంతలు తీసి భూమి పరీక్ష చేయించుకోండి. మీకు పక్కనే అశ్వారావుపేటలో వ్యవసాయ కళాశాల ఉంది, మండల ఉద్యాన అధికారిని కూడా కలవండి. నలభై ఏళ్ళు ఉండే చెట్టుకి ఒక ఏడాది ఎదురుచూడడం నష్టం కాదు. దారిలో కనబడిన మొక్క పెట్టేసి నాలుగేళ్ళు పోగొట్టుకోవడం నష్టం.

మొక్క ఎంచుకునేటప్పుడు రంగు చూడడం నేర్చుకోండి. నారింజ, పసుపు కాయల పొట్టి రకాల్లో లేత మొక్క మట్ట కూడా అదే రంగులో ఉంటుంది. చౌఘాట్ ఆరెంజ్ అని ఇచ్చిన మొక్క కాడ పచ్చగానో గోధుమ రంగులోనో ఉంటే దానికి వేరే చెట్టు పుప్పొడి తగిలినట్టు. గంగాబొండంలో ఈ కిటుకు పనిచెయ్యదు, ఎందుకంటే దాని మట్టా పచ్చదే, దేశవాళీలోనూ పచ్చవి చాలా. అక్కడ నమ్మకమైన చోటు ఒక్కటే ఆధారం. పెద్దయ్యాక మాత్రం తేలిపోతుంది. పొడవు రకం చెట్టు మొదలు దుంపలా ఉబ్బుతుంది, పొట్టి రకం మొదలు ఉబ్బకుండా సన్నగా నేలలోకి దిగినట్టుంటుంది. తొమ్మిది నుంచి పన్నెండు నెలల వయసు, అయిదారు ఆకులు, మొదలు లావుగా ఉన్న మొక్క తీసుకోండి. ఎత్తుగా సన్నగా సాగినది వద్దు. ఆకు త్వరగా చీలడం మొదలైన మొక్క చురుకైనది.

రకం కుదిరాక మిగిలింది సాకుడు. ముందు బెల్లం నీళ్ళ సంగతి తేల్చేద్దాం. చెట్టు తీపిని వేరుతో తాగదు. ఎండలో ఆకు తయారుచేసిన చక్కెరే కాయలోకి దిగుతుంది. మొదట్లో పోసిన బెల్లం మట్టిలోని సూక్ష్మజీవులకి విందు, చెట్టుకి పెద్ద తేడా లేదు. ఆ బెల్లం మీరే తినండి. ఉప్పు మాటలో మాత్రం కొంచెం నిజం ఉంది. కొబ్బరికి క్లోరైడ్ కావాలి, సముద్రం పక్క నేలల్లో అది ఎలాగూ అందుతుంది. మీలాంటి లోపలి ఎర్ర నేలల్లో మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేస్తే పొటాష్‌తో పాటు క్లోరైడ్ కూడా వస్తుంది కాబట్టి విడిగా ఉప్పు అక్కర్లేదు.

ఆ పొటాషే బొండాల తోటకి ముఖ్యం. మన రైతులు యూరియాకి చూపించే ప్రేమ పొటాష్‌కి చూపించరు. కొబ్బరి నీళ్ళలో ఎక్కువగా ఉండే ఖనిజమే పొటాషియం, ప్రతి గెలతోనూ అది తోట దాటి వెళ్ళిపోతుంది. కాపుకొచ్చిన చెట్టుకి ఏడాదికి సుమారు కిలో యూరియా, 2 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 2 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ రెండు విడతలుగా వెయ్యాలి. ఒకటి తొలకరిలో, ఇంకొకటి వానలు తగ్గుముఖం పట్టాక. దానికి తోడు పశువుల ఎరువు, పచ్చిరొట్ట. నాటిన మొదటి ఏడాది ఇందులో పదో వంతు, రెండో ఏడాది మూడో వంతు, మూడో ఏడాది మూడింట రెండు వంతులు, నాలుగో ఏడు నుంచి పూర్తి మోతాదు. ఎరువు మొదలుకి ఆనించి పొయ్యకండి. పెద్ద చెట్టుకి మొదలు నుంచి దాదాపు 1.8 మీటర్ల దాకా చుట్టూ మట్టి తీసి పళ్ళెంలా చేసి, అందులో చల్లి, మట్టి కప్పి నీళ్ళు పెట్టండి.

నీళ్ళు తప్పితే మాత్రం ఏ రకమూ కాపాడదు, పొట్టి రకాలైతే అసలు ఓర్చుకోవు. డ్రిప్ పెడితే ఎండాకాలంలో పెద్ద చెట్టుకి రోజుకి 40 లీటర్లయినా అందేలా చూసుకోండి, మీ వైపు మే ఎండలకి ఇంకొంచెం ఎక్కువే పడుతుంది. పళ్ళెంలో ఎండు మట్టలు, కొబ్బరి డొక్కలు పరిస్తే తడి నిలుస్తుంది. పూగుత్తి మొగ్గ మొవ్వులో మొదలయ్యేది అది బయటికి విచ్చుకోవడానికి రెండున్నరేళ్ళ పైన ముందే. కాబట్టి ఈ ఎండాకాలం చేసిన నిర్లక్ష్యం వచ్చే ఏడాదే కాదు, ఆ పై ఏడాది గెలల్లో కూడా కనబడుతుంది. బోరు వేసవిలో ఎంత పోస్తుందో చూసుకుని, చాలదనిపిస్తే ఎకరంన్నరా ఒకేసారి వెయ్యకుండా ఎకరంతో ఆగండి.

ఆకు చక్కెర చేస్తుందన్నాం కాబట్టి ఆకుని కాపాడుకోవాలి. పెళ్ళి పందిళ్ళకి, పాకలకి పచ్చి మట్టలు నరికి ఇవ్వకండి. మామిడి నీడలో, ఇంటి గోడ నీడలో మొక్క పెట్టకండి. 2016లో తమిళనాడులోని పొళ్ళాచ్చి దగ్గర మొదట కనబడిన సర్పిలాకార తెల్లదోమ ఇప్పుడు మన తోటల్లోనూ ఉంది, దానికి పొట్టి రకాలంటే మక్కువ ఎక్కువ. దాని వల్ల ఆకు మీద నల్ల మసి పడితే ఎండ అందదు, తీపీ తగ్గుతుంది. కనబడగానే ఘాటు మందులు కొట్టకండి. ఆ దోమని తినే ఎన్‌కార్సియా అనే చిన్న మిత్ర పురుగు కూడా చచ్చిపోయి దోమ రెట్టింపవుతుంది. ఆకుల అడుగు భాగానికి నీళ్ళు జోరుగా కొట్టడం, వేపనూనె, ఐసారియా అనే మిత్ర శిలీంద్రం, ఇవి వాడండి. లేత మొక్కల మొవ్వులో కొమ్ము పురుగు కోసం నెలకోసారి వెతకండి. ఆకు విసనకర్రలా కత్తిరించినట్టు కనబడితే అదే.

ఇంకొకటి చాలా గట్టిగా చెబుతున్నాను. కొబ్బరికి వేరు ద్వారా పురుగు మందు ఎక్కించే పద్ధతి ఉంది. అది చెట్టంతా పాకే మందు. మందు పెట్టిన చెట్టు కాయ 45 రోజుల దాకా కొయ్యకూడదంటారు. బొండాల తోటలో వారం వారం గెలలు దిగుతాయి, అన్ని రోజులు ఎవరు ఆగుతారు? కాబట్టి తాగే చెట్టుకి ఆ పని పెట్టుకోవద్దు. పక్క పొలం వాళ్ళు పెట్టారని తెలిస్తే వాళ్ళ బొండాలు కూడా మీరు తాగకండి.

మామగారి విషయం. నూటికి 5 గ్రాములే అనుకున్నా 300 మిల్లీలీటర్ల బొండంలో 15 గ్రాముల చక్కెర ఉంటుంది. మూడు నాలుగు చెంచాలన్నమాట. మీరు తియ్యటి రకం కోసం వెతుకుతున్నారు, ఆయనకి కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. షుగర్ అదుపులో ఉండి డాక్టర్ సరేనంటే సగం గ్లాసు, దానికి తగ్గట్టు ఆ పూట ఇంకేదైనా తగ్గించుకుని తాగొచ్చు. మూత్రపిండాల ఇబ్బంది కూడా ఉంటే మాత్రం వద్దు. ఇందులో ఉండే పొటాషియం అలాంటివాళ్ళకి ప్రమాదం. షుగర్ చాలాకాలంగా ఉన్నవాళ్ళకి కిడ్నీ పరీక్ష ఎలాగూ చేయిస్తారు కాబట్టి ఆ రిపోర్టు చూపించి అడగండి.

కాపు మొదలయ్యాక మొదటి ఏడాది బొండాలు చిన్నవిగా, నీళ్ళు తక్కువగా ఉంటే కంగారుపడకండి, రెండు మూడేళ్ళకి సైజు నిలబడుతుంది. అమ్మకానికి ఒక బ్రిక్స్ మీటరు (నీళ్ళలో తీపి కొలిచే చిన్న పరికరం) కొనుక్కోండి, పెద్ద ఖరీదేం కాదు. రెండు చుక్కల నీళ్ళు వేసి వెలుతురు వైపు పెట్టి చూస్తే తీపి అంకె తెలుస్తుంది. ఆరు పైన చూపించిన గెలలకి గుర్తు పెట్టుకుంటే ఏ చెట్టు, ఎన్ని నెలలకి బాగుందో ఒక ఏడాదిలో మీకే పట్టు దొరుకుతుంది. గెల ఎత్తు నుంచి పడెయ్యనివ్వకండి, లోపల చిప్ప చీలి బయటికి తెలియదు, మర్నాటికి నీళ్ళు పులుస్తాయి. గోదావరి గంగ ఎత్తు పెరిగాక తాడు కట్టి దింపించండి. కాయల్ని గెల నుంచి విడదియ్యకుండా నీడలో ఉంచి, తొడిమ ఊడినవి ముందు అమ్మెయ్యండి.